గంజాయి వనంలో తులసి మొక్కనట నేను! ఏ దేశంలో ఎంతమంది వాడతారో అసలు లెక్కలు చెప్పండి

ప్రశాంతి_ఎక్స్‌ప్రెస్ (మారతహళ్ళి), శనివారం రాత్రి 9:12

అందరికీ నమస్కారం. మాది అనంతపురం దగ్గర పల్లె. నాలుగేళ్ళుగా బెంగళూరులో ఉద్యోగం. మా నాన్న రిటైర్డ్ టీచర్. ఆయనకు వాట్సాప్ నేర్పింది నేనే, ఇప్పుడు అనుభవిస్తున్నదీ నేనే.

పోయిన వారం ఆయనకొక ఫార్వర్డ్ వచ్చింది. "బెంగళూరు ఐటీ కుర్రాళ్ళలో సగం మంది గంజాయి తాగుతున్నారు. కెనడాలో నూటికి ఎనభై మంది. జపాన్‌లో ఒక్కరు కూడా లేరు. మన పిల్లల్ని మనమే కాపాడుకుందాం." అప్పటి నుంచి రోజూ రాత్రి ఎనిమిదింటికి ఫోన్. ఇదివరకు అన్నం తిన్నావా అని అడిగేవారు. ఇప్పుడు వీడియో కాల్ చేసి, కెమెరా దగ్గరికి పెట్టు, కళ్ళు చూపించు అంటున్నారు. నిన్నయితే "గంజాయి వనంలో తులసి మొక్క మాదిరి ఉండు నాయనా" అని పెట్టేశారు. నేను సిగరెట్ కూడా ముట్టను సామీ.

లెక్కల మాస్టారు కాబట్టి లెక్కలు చూపిస్తేనే నమ్ముతారు. ప్రపంచంలో పెద్దవాళ్ళలో ఎంతమంది వాడుతున్నారో, ఏ దేశంలో ఎక్కువో, తెలిసినవాళ్ళు రాయండి. టెన్షన్ తట్టుకోలేకపోతున్నా.

సిల్క్‌బోర్డ్_బాధితుడు, రాత్రి 9:20

కళ్ళు ఎర్రగా ఉండేది ఔటర్ రింగ్ రోడ్డు దుమ్ము వల్ల అని చెప్పు బ్రో. నిజం కూడా అదే.

శాంపిల్_సుబ్బన్న (జయనగర్), రాత్రి 10:05

నా ఉద్యోగమే సర్వేలు, శాంపిళ్ళు కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి.

మొదట ప్రపంచం మొత్తం లెక్క. ఐక్యరాజ్యసమితి డ్రగ్స్, నేరాల విభాగం ఏటా ఒక నివేదిక ఇస్తుంది. 2023 లెక్క ప్రకారం ఆ ఏడాదిలో ఒక్కసారైనా గంజాయి రకాలు వాడినవాళ్ళు 24.4 కోట్ల మంది. ఇది 15 నుంచి 64 ఏళ్ళ వాళ్ళ లెక్క. అంటే నూటికి ఐదుగురి లోపే. మిగతా మత్తుమందులు ఏవీ దీని దరిదాపులకు రావు.

మన దేశానిది: కేంద్ర సామాజిక న్యాయ శాఖ కోసం ఢిల్లీ ఎయిమ్స్ వాళ్ళు చేసిన జాతీయ సర్వే 2019లో బయటికొచ్చింది. రెండు లక్షల ఇళ్ళు తిరిగి, 4,73,569 మందిని అడిగారు. 10 నుంచి 75 ఏళ్ళ వాళ్ళలో గత ఏడాదిలో వాడినవాళ్ళు 2.8 శాతం, సుమారు 3.1 కోట్ల మంది. మగవాళ్ళలో 5 శాతం, ఆడవాళ్ళలో 0.6. అదే సర్వేలో మద్యం తాగేవాళ్ళు 14.6 శాతం, 16 కోట్లు. మీ నాన్నగారికి వాట్సాప్‌లో మద్యం గురించి ఫార్వర్డ్ ఏదైనా వచ్చిందా? రాదు.

ఇంకో సంగతి. ఆ 2.8లో భంగు ఒక్కటే 2 శాతం, గంజాయి, చరస్ (ఆ మొక్క జిగురు) కలిపి 1.2 శాతం. రెండూ వాడేవాళ్ళుంటారు కాబట్టి కూడితే సరిపోదు. వాడకం ఎక్కువగా కనిపించిన రాష్ట్రాలు ఉత్తరప్రదేశ్, పంజాబ్, సిక్కిం, ఛత్తీస్‌గఢ్, ఢిల్లీ. ఆ వరుసలో కర్ణాటక లేదు, ఆంధ్రా లేదు, తెలంగాణా లేదు.

కెనడాలో ఎనభై అన్నది పచ్చి అబద్ధం. అక్కడి ఆరోగ్య శాఖ 2023 సర్వేలో 16 ఏళ్ళు దాటినవాళ్ళలో గత ఏడాదిలో వాడామన్నవాళ్ళు 26 శాతం. అమెరికాలో అదే ఏడాది 12 ఏళ్ళు దాటినవాళ్ళలో దాదాపు 22 శాతం, 6.18 కోట్ల మంది. ఆస్ట్రేలియాలో 2022-23 సర్వేలో 11.5. జర్మనీలో 2021లో 8.8. యూరోపియన్ యూనియన్ మొత్తానికి 8 దగ్గర. నైజీరియా 2018లో 10.8. ఇజ్రాయెల్‌లో 2017 ప్రాంతంలో 27 వచ్చింది. అది ఆన్‌లైన్ ప్యానెల్‌తో చేసిన సర్వే కాబట్టి ఇంటింటికీ తిరిగిన సర్వేల పక్కన పెట్టి పోల్చకూడదు.

జపాన్‌లో ఒక్కరూ లేరన్నదీ తప్పే. 2021 సర్వేలో జీవితంలో ఎప్పుడో ఒకసారి వాడామన్నవాళ్ళు 1.4 శాతం ఉన్నారు.

సిల్క్‌బోర్డ్_బాధితుడు, రాత్రి 10:11

అన్నా, శాతం తక్కువే గానీ 3.1 కోట్లంటే ఊరికే ఉందా! కెనడా జనాభా మొత్తం కలిపినా నాలుగు కోట్లు.

శాంపిల్_సుబ్బన్న, రాత్రి 10:19

అందుకే ఫార్వర్డ్ రాసేవాడు తనకు కావాల్సింది ఎంచుకుంటాడు. భయపెట్టాలంటే కోట్లు రాస్తాడు, ఊరడించాలంటే శాతం రాస్తాడు.

టొరంటో_తాతారావు (ఇంతకుముందు బీటీఎం లేఅవుట్), ఆదివారం ఉదయం 6:40

ఎనిమిదేళ్ళు బెంగళూరులో ఉండి ఇక్కడికొచ్చాను. ఇక్కడ 2018 అక్టోబర్ 17న చట్టబద్ధం చేశారు. మా వీధి చివర దుకాణం ఉంది, మన మెడికల్ షాపు కంటే శుభ్రంగా ఉంటుంది. ఐడీ అడుగుతారు, మా రాష్ట్రంలో 19 ఏళ్ళు నిండాలి. బయట 30 గ్రాముల దాకా దగ్గర పెట్టుకోవచ్చు.

మా ఆఫీసులో చూస్తే ఆ 26 శాతం నమ్మబుద్ధి వేస్తుంది. కానీ చాలామంది ఏడాదికి నాలుగైదు సార్లు, కాటేజీకి వెళ్ళినప్పుడు. వాడేవాళ్ళలో రోజూ లేదా దాదాపు రోజూ వాడేవాళ్ళు నాలుగో వంతు అని అదే సర్వే చెబుతుంది. 2018లో మొత్తం వాడకం 22 శాతం ఉండేది, 2023కి 26 అయింది. పెరిగింది, నిజమే. ఊరంతా మత్తులో ఊగిపోతోందనేది మాత్రం వట్టి మాట. ఇక్కడికి కొత్తగా వచ్చిన మన తెలుగు తల్లిదండ్రులు లిఫ్ట్‌లో ఆ వాసన రాగానే "ఎవరో గడ్డి తగలబెడుతున్నారు" అంటారు. మా అత్తగారయితే ఫైర్ అలారం నొక్కబోయింది.

ఓపెన్_మైండ్_వెంకీ (ఇందిరానగర్), ఉదయం 9:30

నేను మొదటి నుంచీ చెప్పేది ఇదే. లీగల్ చేసిపారేస్తే మోజు తగ్గిపోతుంది. నెదర్లాండ్స్‌లో కాఫీ షాపుల్లో అమ్ముతారు, అయినా అక్కడ అందరూ తాగేస్తున్నారా? లేదు కదా.

కోరమంగళ_కోదండం, ఉదయం 9:44

సింగపూర్‌లో 500 గ్రాములు దాటి రవాణా చేస్తే ఉరి. అక్కడ వాడకం ఎంతుందో చూడు వెంకీ. భయం ఉంటేనే దారిలో ఉంటారు. జపాన్ కూడా 2024 డిసెంబర్ నుంచి వాడకాన్ని కూడా నేరం చేసింది.

శాంపిల్_సుబ్బన్న, ఉదయం 10:30

ఇద్దరూ సగం సగం చెబుతున్నారు. వెంకీ గారూ, ఫ్రాన్స్ చూడండి. 1970 చివర్లో చేసిన కఠిన చట్టం ఇప్పటికీ ఉంది, తాగినందుకు జైలు కూడా వేయొచ్చు. అయినా 2023లో అక్కడి పెద్దవాళ్ళలో సగం మంది, కచ్చితంగా చెప్పాలంటే 50.4 శాతం, జీవితంలో ఎప్పుడో ఒకసారి వాడామన్నారు. గత ఏడాదిలో వాడినవాళ్ళు 10.8. కాఫీ షాపుల దేశానికి ఏమాత్రం తీసిపోలేదు. ఇదొకటి మీకు పనికొచ్చేది. కానీ చట్టబద్ధం చేస్తే తగ్గుతుందనే మాటకు ఇది సాక్ష్యం కాదు. పైన తాతారావు గారి కెనడా చూశారుగా, 22 కాస్తా 26 అయింది.

కోదండం గారూ, సింగపూర్, జపాన్‌లో తక్కువే, ఒప్పుకుంటాను. మరి నైజీరియాలో చట్టం మెత్తనేమీ కాదు, వాడకం 10.8. చట్టం ఒక్కటే అంకెను తయారుచెయ్యదు. సరుకు పక్కనే పండుతుందా, ఎంతకు దొరుకుతుంది, ఇంట్లో సిగరెట్ అలవాటుందా, చుట్టుపక్కలవాళ్ళు ఏమనుకుంటారు, అన్నీ కలుస్తాయి.

ఇంకోటి. పైన ఫ్రాన్స్‌లో ఒకే దేశానికి రెండు అంకెలు చెప్పాను, గమనించారా? 50.4, 10.8. "ఎప్పుడైనా", "గత ఏడాదిలో", "గత నెలలో": ఈ మూడు ప్రశ్నలకూ మూడు జవాబులొస్తాయి. ఫార్వర్డ్‌లు ఒక దేశానికి మొదటిది, ఇంకో దేశానికి మూడోది తీసుకుని పక్కపక్కన పెడతాయి. మామిడికాయల బుట్టనీ నిమ్మకాయల బుట్టనీ లెక్కపెట్టి ఎవరి తోట పెద్దదో చెప్పినట్టు.

ఓపెన్_మైండ్_వెంకీ, ఉదయం 10:41

సరే సరే, తగ్గుతుందన్నది వెనక్కి తీసుకుంటున్నా. జైల్లో పెట్టడం దండగ అన్నది మాత్రం తీసుకోను.

హెచ్‌ఎస్‌ఆర్_హేమ, ఉదయం 11:02

నాకొక సందేహం. సర్వే వాళ్ళు ఇంటికొచ్చి, హాల్లో నాన్న పేపర్ చదువుతుంటే "ఏం బాబూ, గంజాయి తాగుతావా?" అంటే ఎవడు అవునంటాడు?

శాంపిల్_సుబ్బన్న, ఉదయం 11:25

అసలు ప్రశ్న అదే హేమగారూ. మంచి సర్వేలు విడిగా కూర్చోబెట్టి అడుగుతాయి, కొన్నిచోట్ల కంప్యూటర్ చేతికిచ్చి వాళ్ళనే నొక్కమంటాయి. అయినా శిక్ష ఉన్నచోట దాచుకుంటారు, చట్టబద్ధమైనచోట ధైర్యంగా చెబుతారు. కెనడాలో పెరిగిన నాలుగు శాతంలో నిజంగా పెరిగిందెంత, చెప్పే ధైర్యం పెరిగిందెంత అనేది తీరని వాదన. ఇంటింటికీ తిరిగే సర్వేల నుంచి హాస్టళ్ళు, జైళ్ళు, ఫుట్‌పాత్‌ల మీద ఉండేవాళ్ళు మామూలుగానే జారిపోతారు. మన సర్వేలో మత్తుకు బానిసలైనవాళ్ళ కోసం విడిగా ఇంకో పద్ధతి పెట్టారు. ఒకరి ద్వారా ఇంకొకరిని పట్టుకుంటూ 70 వేల పైచిలుకు మందిని కలిశారు.

యూరప్‌లో ఇంకో ఉపాయం కనిపెట్టారు, మురుగునీరు. 2024లో 128 నగరాల డ్రైనేజీ నీళ్ళు పరీక్షించారు. మూత్రంలో వచ్చే ఆనవాళ్ళను బట్టి ఊరు మొత్తం మీద ఎంత వాడారో తెలుస్తుంది. మురుగునీరు అబద్ధం చెప్పదు. కానీ వంద మంది కొంచెం కొంచెం తాగారా, పది మంది ఎక్కువెక్కువ తాగారా అన్నది మాత్రం దానికి తెలియదు.

పోలీసులు పట్టుకున్న కిలోల లెక్క అసలే పనికిరాదు. కేసులు పెరిగాయంటే వాడకం పెరిగి ఉండొచ్చు, నిఘా పెరిగి ఉండొచ్చు.

పాడేరు_కాఫీ (యలహంక), మధ్యాహ్నం 1:15

నిఘా మాట వచ్చింది కాబట్టి చెబుతున్నా. మాది పాడేరు వైపు. ఊరి పేరు చెప్పగానే ఇక్కడి ఓనర్లు ముఖం అదోలా పెడతారు. ఒకాయన నవ్వుతూనే "శీలావతి ఉందా?" అనడిగాడు. శీలావతి అంటే అక్కడ పండే గంజాయి రకం. మా అమ్మమ్మ పేరు కూడా అదే. ఎంత మండిందో మీకేం తెలుసు.

మా ఏజెన్సీలో సాగు ఉండేది, కాదనను. పెట్టుబడి పెట్టేది బయటి వ్యాపారులు, అమ్ముకునేది బయటివాళ్ళు, లాభం వాళ్ళది, కేసు మాత్రం మోత మోసిన మా కుర్రాడి మీద. 2021 చివర్లో ఆపరేషన్ పరివర్తన అని పోలీసులు వచ్చి వేల ఎకరాల్లో తోటలు నరికించారు. చాలా ఊళ్ళలో జనమే ముందుకొచ్చి నరికారు. ఇప్పుడు కాఫీ, మిరియాలు, రాజ్‌మా. మా ఊళ్ళో తాగేవాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. పండించే చోటు వేరు, తాగే చోటు వేరు. ఫార్వర్డ్‌లు రాసేవాళ్ళకు అది అక్కర్లేదు.

ప్రశాంతి_ఎక్స్‌ప్రెస్, మధ్యాహ్నం 1:40

సారీ అన్నా. కాఫీ పొడి మాత్రం ఉంటే చెప్పు, అర కిలో తీసుకుంటా.

నల్లకోటు_నాగమణి (హైకోర్టు దగ్గరే ఉంటాను), మధ్యాహ్నం 3:05

చట్టం సంగతి కాస్త నన్ను చెప్పనివ్వండి. 1985 ఎన్‌డీపీఎస్ చట్టంలో, అంటే మన మత్తుమందుల చట్టంలో, గంజాయి అంటే మొక్క పూత, కాయ కొసలు. వాటితో కలవకుండా విడిగా ఉన్న ఆకులు, గింజలు ఆ నిర్వచనంలోకి రావు. చరస్ అంటే జిగురు. భంగు ఆకులతో చేసేది కాబట్టి బయట ఉండిపోయింది, దాని సంగతి రాష్ట్రాల ఎక్సైజ్ చట్టాలు చూసుకుంటాయి. 2022లో మన కర్ణాటక హైకోర్టు ఇదే బెంగళూరు కేసులో భంగు ఈ చట్టం కింద నిషేధం కాదంటూ ఒకాయనకు బెయిలిచ్చింది.

గంజాయి కిలో లోపు ఉంటే చిన్న మోతాదు: ఏడాది దాకా జైలు, లేదా పదివేల దాకా జరిమానా, లేదా రెండూ. 20 కిలోలు దాటితే పదేళ్ళకు తక్కువ ఉండదు, బెయిల్ దొరకడమే గగనం. ఊరికే తాగినా నేరమే, ఆరు నెలల దాకా ఉంది.

బ్యాంకాక్ ట్రిప్పులకు వెళ్ళే పిల్లలకు ఒక మాట. థాయ్‌లాండ్ 2022 జూన్‌లో గంజాయిని నిషేధ జాబితా నుంచి తీసేసింది, 2025 జూన్‌లో మళ్ళీ డాక్టర్ చీటీ ఉండాలంది. అక్కడ ఏదైనా కానీ, సూట్‌కేసులో పెట్టుకుని దేవనహళ్ళి ఎయిర్‌పోర్టులో దిగితే మన చట్టమే. హైడ్రో గంజాయి (మట్టి లేకుండా నీళ్ళలో పెంచేది) అని పేపర్లో చదువుతున్నవన్నీ అవే కేసులు. "ఫ్రెండ్ ఇచ్చిన బ్యాగ్ మేడం" అని ఏడ్చే పాతికేళ్ళ పిల్లల్ని చూసి చూసి విసుగొచ్చింది నాకు.

పాత_పుస్తకాల_పుల్లయ్య (అవెన్యూ రోడ్డు), మధ్యాహ్నం 3:50

ఈ లెక్కల పిచ్చి కొత్తదేమీ కాదండీ. 1893-94లోనే తెల్లదొరలు గంజాయి మీద ఒక కమిషన్ వేశారు. మద్రాసు ప్రెసిడెన్సీతో సహా దేశమంతా తిరిగి 1,193 మంది సాక్షుల మాటలు రాసుకుని ఏడు సంపుటాలు అచ్చేశారు. మితంగా వాడితే పెద్ద హాని లేదు, అతిగా వాడితేనే చేటు, పూర్తి నిషేధం వద్దు అని తేల్చారు. పన్ను వస్తోంది కదా, అదీ ఉందిలెండి! జమైకా వాళ్ళు గంజా అని మన మాటే వాడతారు. 1845 నుంచి మన కూలీలు ఓడలెక్కి అక్కడికి వెళ్ళారు, మాట కూడా వాళ్ళతోనే వెళ్ళింది.

*ఒక సభ్యుడి పోస్టు తొలగించబడింది.*

మోడరేటర్, సాయంత్రం 4:10

ఎక్కడ దొరుకుతుంది, ఎంతకు దొరుకుతుంది అనే ప్రశ్నలు ఇక్కడ వద్దు. రెండోసారి అడిగితే ఖాతా ఉండదు. చర్చ కొనసాగించండి.

పేరు_చెప్పలేను, సాయంత్రం 5:30

అందరూ శాతాలు మాట్లాడుతున్నారు. నాది ఒక్కడే కొడుకు. ఇక్కడే ఇంజనీరింగ్ మూడో సంవత్సరం, పీజీ హాస్టల్లో ఉంటాడు. దసరాకి ఇంటికొచ్చినప్పుడు బట్టలు ఉతకడానికి తీస్తే జేబులో చుట్టే కాగితాలు, చిన్న పొట్లం దొరికాయి. వాడికి చెప్పలేదు. వాళ్ళ నాన్నకూ చెప్పలేదు, చెబితే కొడతారు. ఆ పొట్లం పారేసి, ప్యాంటు ఉతికి ఆరేశాను. వాడూ అడగలేదు. నెల రోజులైంది, నిద్ర పట్టడం లేదు. ఇప్పుడు వీడు ఏ లెక్కలోకి వస్తాడు?

కౌన్సెలర్_కాత్యాయని, సాయంత్రం 6:15

అమ్మా, నేను మత్తు అలవాట్ల విభాగంలో పనిచేస్తాను. మీ ప్రశ్న సరైనదే. ఏడాదిలో ఒకసారి వాడినవాడూ, రోజూ వాడేవాడూ సర్వేలో ఒకే గడిలో పడతారు. మాకు మాత్రం వాళ్ళిద్దరూ ఒకటి కాదు. జాతీయ సర్వేలో వాడేవాళ్ళు 3.1 కోట్లయితే, దానివల్ల ఇబ్బందిలో పడి సాయం అవసరమైనవాళ్ళు 72 లక్షలు. అంటే నలుగురైదుగురిలో ఒకరు. మీవాడు ఆ ఒకరో, మిగతావాళ్ళో ఆ పొట్లం చెప్పదు. వాడే చెప్పాలి.

అమెరికాలో ఇప్పుడు కంగారుపడుతున్నదీ దీని గురించే. 2022 లెక్కల్లో అక్కడ రోజూ లేదా దాదాపు రోజూ గంజాయి వాడేవాళ్ళు 1.77 కోట్లు, అలా మద్యం తాగేవాళ్ళు 1.47 కోట్లు. 1992లో గంజాయిది పది లక్షల లోపే. సరుకు ఘాటు కూడా మారింది. అక్కడ పట్టుబడిన వాటిలో మత్తు పదార్థం 1995లో 4 శాతం ఉంటే 2014కి 12 అయింది.

మీరు చెయ్యాల్సింది: ఫోన్లో కాదు, ఎదురుగా కూర్చుని అడగండి. "నాకు దొరికింది, పారేశాను, కోపం లేదు, భయంగా ఉంది" అని ఉన్నదున్నట్టు చెప్పండి. ఎన్నాళ్ళుగా, వారానికి ఎన్నిసార్లు, ఒంటరిగానా నలుగురితోనా అని అడగండి. పొద్దున లేవగానే కావాల్సి వస్తోందా, అది లేకపోతే నిద్ర, ఆకలి పోయి చిరాకు వస్తోందా చూడండి. ఆపిన మొదటి ఒకటి రెండు వారాలు అలా ఉండటం మామూలే. లేని మాటలు వినిపించడం, ఎవరో వెంటాడుతున్నారనడం, ఇంట్లో ఎవరికైనా మానసిక జబ్బు చరిత్ర ఉండటం, వీటిలో ఏదున్నా ఆలస్యం చెయ్యొద్దు. ఇక్కడి మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్‌లో దీనికి విడిగా సెంటర్ ఫర్ అడిక్షన్ మెడిసిన్ ఉంది. ఫోన్లో మాట్లాడాలంటే 14446 మత్తు మాన్పించే జాతీయ హెల్ప్‌లైన్. 14416 టెలీ మానస్, మన భాషలోనూ మాట్లాడతారు.

నల్లకోటు_నాగమణి, సాయంత్రం 6:32

అమ్మా, కేసు అవుతుందేమోనని ఆసుపత్రికి వెళ్ళడం మానకండి. తాగే అలవాటు ఉన్నవాడు తనంతట తానే చికిత్సకు వస్తే ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఇచ్చే 64ఏ సెక్షన్ అదే చట్టంలో ఉంది.

పేరు_చెప్పలేను, రాత్రి 7:50

శుక్రవారం రాత్రి బస్సుకు బెంగళూరు వస్తున్నాను. వాడికి ఇష్టమని సున్నుండలు చేస్తున్నా. అడుగుతాను.

ప్రశాంతి_ఎక్స్‌ప్రెస్, రాత్రి 9:25

ఎనిమిదింటికి ఫోన్ వచ్చింది. అన్నీ వరసగా చదివి వినిపించాను. నాన్న కాగితం మీద రాసుకున్నారు, మధ్యలో రెండుసార్లు "మళ్ళీ చెప్పు, ఎంతలో ఎంత?" అని ఆపారు. కెనడాది ఎనభై కాదు ఇరవయ్యారని ఒప్పుకున్నారు. ఫార్వర్డ్ పంపిన రిటైర్డ్ హెడ్‌మాస్టర్‌కి రేపే తిరుగు జవాబు పెడతారట.

మన దేశం లెక్క దగ్గరికొచ్చి, 2.8లో భంగు 2 అనగానే ఆయన ఆగిపోయారు. "భంగు దీంట్లో ఎందుకు కలిపినారు?" అన్నారు. అదీ ఆ మొక్కే కదా నాన్నా అన్నాను. కాసేపు చప్పుడు లేదు.

తర్వాత మెల్లగా బయటపెట్టారు. 1984లో తోటి టీచర్లతో కాశీకి పోయినారట. శివరాత్రి నాడు ఒక సందులో ఠండాయి అని గ్లాసుడు ఇచ్చారట. బాగుందని ఇంకో గ్లాసు తాగినారట. ఆ సాయంత్రం గంగ ఒడ్డున మెట్లు లెక్కపెడుతూ కూర్చున్నారట, ఎన్నిసార్లు లెక్కపెట్టినా వేరే అంకె వచ్చిందట. లెక్కల మాస్టారు!

"మరి గంజాయే కదా నాన్నా అది" అన్నాను. "యాందిరా నువ్వు, అది శివుని ప్రసాదం. గంజాయి ఎట్లయితాది?" అని కోప్పడ్డారు.

శాంపిల్_సుబ్బన్న, రాత్రి 9:40

ఇదిగో, హేమగారి ప్రశ్నకు అసలైన జవాబు. మీ నాన్నగారిని సర్వే వాళ్ళు "గంజాయి వాడారా?" అని అడిగుంటే లేదనేవారు, అబద్ధం చెబుతున్నానని కూడా అనుకోరు. అందుకే మన సర్వేలో భంగు పేరు పెట్టి విడిగా అడిగారు. ఆయన "ఎప్పుడైనా" గడిలోకి వస్తారు. "గత ఏడాది" గడిలో లేరు. నువ్వు రెండింటిలోనూ లేవు.

సిల్క్‌బోర్డ్_బాధితుడు, రాత్రి 9:43

ఇంతకీ తులసి మొక్క ఎవరు బ్రో?

ప్రశాంతి_ఎక్స్‌ప్రెస్, రాత్రి 9:51

రేపటి నుంచి వీడియో కాల్ వద్దు, మామూలు ఫోన్ చాలన్నారు. కాశీ సంగతి మా అమ్మకు ఇప్పటికీ తెలియదట. పెట్టేసే ముందు అది రెండుసార్లు చెప్పారు.